మిరప గోదాములో నా అనుమానాలు

ఇల్లందు బస్టాండు వెనక చాయ్ హోటల్లో గ్లాసులు కడిగే రోజుల్లో నేను మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ భయపడేదాన్ని. మగవాడు ఎందుకు పలకరిస్తున్నాడో రెండు మాటల్లో తెలిసిపోయేది. పక్కన కూర్చుని "తిన్నవా బిడ్డా" అని తల నిమిరే ఆడమనిషి మనసులో ఏముందో మాత్రం అంతుబట్టేది కాదు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. నాతో పాటు ఆ హోటల్లో ఇంకో పిల్ల పనిచేసేది. ఒకరోజు ఇస్త్రీ చీర కట్టుకున్న ఒకామె వచ్చి, విజయవాడలో పెద్దింటివాళ్లకు చంటిపిల్లను ఎత్తుకునే మనిషి కావాలని చెప్పి, దానికి రిబ్బన్లు కొనిచ్చింది. పిల్ల బస్సెక్కి కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది. మళ్లీ రాలేదు. హోటల్ నడిపే ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె ఆ దారిన పోయే డ్రైవర్లను, కండక్టర్లను చాలాకాలం అడుగుతూనే ఉంది. ఎవరికీ ఏమీ తెలియదు.

అది ఎనభైల మొదట్లో. నాకు పదహారు దాటి ఉంటాయి. నాన్న బొగ్గుబాయిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది. కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారు. చిన్నాయన తన ఇంటికి తీసుకుపోయాడు గానీ, పెళ్లాం చనిపోయిన ఒక కిరాణా కొట్టాయనకు నన్నిచ్చే మాటలు ఆ ఇంట్లో నడవడం మొదలైంది. ఆయన పెద్దకూతురు నాకంటే పొడుగు. నేను బట్టల మూట పట్టుకుని బయటపడ్డాను. పగలు హోటల్లో పని, పొద్దుగూకితే బస్టాండులో ఆడవాళ్లు కూర్చునే సిమెంటు బల్ల. అదే నా సంసారం.

ఒక మధ్యాహ్నం నలభై ఏళ్ల ఆవిడ ఒకరు వచ్చి చాయ్ తాగింది. నేత చీర, చేతికి గడియారం. మాటతీరు మాది కాదు, మధిర దిక్కుది.

"రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావమ్మా?" అని అడిగింది.

"ఇంట్ల."

అబద్ధమని ఆమెకు తెలుసు. తెలిసినట్టు కనపడనియ్యలేదు. "సరే. ఏన్కూరులో నీ ఈడు పిల్లలకు ఒక చోటు నడుపుతున్నాం. ఇల్లు లేనివాళ్లకు. చూడాలనిపిస్తే రా. కానీ ఒక్కదానివే రావద్దు. నమ్మకమున్న మనిషినెవరినైనా వెంట తెచ్చుకో."

"నాకెవ్వరు లేరు."

"గ్లాసు పగిలితే నిన్ను తిట్టే మనిషి లోపలుంది కదా," అని, చాయ్ పైసలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పెద్దమ్మకు చెప్పాను. "ఊకెనే తిండి పెట్టెటోళ్లు ఎవరున్నరే? ఏందో కత ఉంటది. పోయి చూద్దాం పా," అంది. హోటల్ ఒక్కపూట బంద్ పెట్టి, నన్ను తీసుకుని ఎర్రబస్సు ఎక్కింది.

ఆ చోటు ఊరి చివర ఉన్న పాత మిరపకాయల గోదాము. గోడలకు కొత్తగా సున్నం వేశారు. అయినా లోపల అడుగుపెట్టగానే ఇద్దరికీ తుమ్ములు పట్టుకున్నాయి. ఏడెనిమిది మంది ఆడపిల్లలు చాపల మీద కూర్చుని ఏవో బట్టలు కుడుతున్నారు. పెద్దమ్మ వాళ్ల వైపు చూడనే లేదు. బావి చూసింది. బాత్రూం తడికెలు ఊపి చూసింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది. చివరికి గోదాము తలుపు దగ్గర ఆగిపోయింది. తలుపుకు బయట లావుపాటి ఇనప గొలుసు ఉంది. లోపల గడియ లేదు.

"ఇదేంది?" అంది.

"గోదాము కదండీ, మొదటినుంచీ ఉన్నదే," అంది ఆ ఆవిడ.

"పిల్లలు లోపలుంటే బయట గొలుసెందుకు? నువ్వు మంచిదానివే కావచ్చు. నువ్వు లేనప్పుడు వచ్చినోడు మంచోడైతడా?"

ఆవిడ ఆ తలుపును మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"మగోళ్లెవరొస్తరు ఈడికి?"

"మా అన్నయ్య బియ్యం బస్తా తెచ్చి దింపుతాడు. ఇంకెవరూ రారు."

"లోపలికొచ్చి దింపుతడా?"

"ఇప్పటిదాకా అంతే."

"ఇగనుంచి అరుగు మీద దింపి పొమ్మను. ఆ గొలుసు తీపియ్యి, లోపల గడియ పెట్టియ్యి. అప్పుడు చూద్దాం," అని పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని బయటకు నడిచింది.

నేనైతే ఆ కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. అన్నం పెట్టేవాళ్లను మనం ఇట్లా నిలదీస్తే పెడతారా? కానీ కొన్నాళ్లకు ఆవిడ మళ్లీ హోటల్‌కు వచ్చింది. రమ్మని అడగలేదు. "గడియ పెట్టించాను. వచ్చి చూసుకోండి," అంది. పెద్దమ్మ మళ్లీ ఏన్కూరు వచ్చి, తలుపు మూయించి, నన్ను లోపల ఉంచి గడియ వెయ్యమని, బయటినుంచి భుజంతో నెట్టి చూసింది. ఊడి రాలేదు. అప్పుడు నా మూట నా చేతికిచ్చింది.

అక్కడ అందరూ ఆవిడను అక్క అనేవారు. నేను చాలాకాలం ఏమీ అనలేదు. పిలవాల్సి వస్తే దగ్గరికి పోయి నిలబడేదాన్ని. మిగతావాళ్లు తిన్నాకే నా కంచంలో చెయ్యి పెట్టేదాన్ని. పాలు ఇస్తే వాసన చూసేదాన్ని. మూట తల కింద పెట్టుకునే పడుకునేదాన్ని. అక్క ఇవన్నీ చూసేది, ఏమీ అనేది కాదు. మా నాన్న ఎట్లా పోయాడని, ఇల్లెందుకు విడిచానని అడగలేదు. అడగకపోవడం కూడా నాకు అనుమానమే అయింది. మన సంగతి తెలుసుకోవాలని లేనివాళ్లకు మనతో వేరే పనేదో ఉండి ఉంటుందనుకునేదాన్ని.

అక్కకు పెళ్లయిందో లేదో ఎవరికీ తెలియదు. వాళ్లది కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం. హైదరాబాదులోని ఒక సంస్థ వాళ్లు ఖర్చులకు సాయం చేస్తారని మాత్రం చెప్పేవారు. ఎవరో మనకు కనపడనివాళ్లు ఎక్కడో కూర్చుని మన అన్నానికి ఇస్తున్నారంటే నాకు ఆ అన్నమే అనుమానంగా కనపడేది.

ఆమె మొదట అందరికీ కుట్టుపని నేర్పబోయింది. నాకు నచ్చలేదు. సూది పట్టుకుని దిక్కులు చూస్తుంటే, "నీకేం నేర్చుకోవాలని ఉంది?" అని అడిగింది.

"నాకు తెల్వది."

"సరే. తెలిసినప్పుడు చెప్పు," అని సూది తీసుకుని పోయింది. కోపంగా కాదు. నేను ఆ రోజంతా కోపం ఎప్పుడు బయటపడుతుందా అని కాచుకుని కూర్చున్నాను. ఆ ఏడాది చివరికి గానీ చదువుకుంటానని నోరు తెరవలేదు. అప్పుడు ఊళ్లో ఒక రిటైరు పంతులు గారి దగ్గర పదో తరగతికి కూర్చోబెట్టింది.

నా పక్క చాప ఒక కోయ అమ్మాయిది. భద్రాచలం అవతలి గూడెం నుంచి కొత్తగూడెంలో ఎవరింట్లోనో పనికి కుదిర్చితే, వాళ్లు కొట్టి వెళ్లగొట్టారట. తెలుగు తక్కువగా మాట్లాడేది. కానీ నేను తుమ్మితే నవ్వేది, నేను పాలు వాసన చూస్తుంటే నా గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగి తిరిగి ఇచ్చేది. ఆ చోట నేను మొదట నమ్మిన మనిషి ఆమే.

వానాకాలంలో ఒక ఉదయం ఆ చాప చుట్టి ఉంది. మనిషి లేదు.

"ఎటు పోయింది?" అని అక్కను అడిగాను.

"తను వేరే చోటికి వెళ్లింది."

"ఏ చోటికి?"

"తన ఇష్టం లేకుండా తన సంగతి నీకు చెప్పలేను."

నాకు ఇల్లందు బస్టాండులో రిబ్బన్ల పిల్ల చెయ్యి ఊపడం కళ్లకు కట్టింది. అప్పటినుంచి అక్కను కనిపెట్టి ఉండటమే నా పనైంది. ప్రతి గురువారం పొద్దున్నే ఆమె కొత్తగూడెం బస్సెక్కి పోతోంది. సంచిలో ఏదో ఉంటోంది. సాయంత్రానికి ఖాళీ సంచితో వస్తోంది. ఎక్కడికని ఎవరికీ చెప్పదు.

నన్ను చూడటానికి పెద్దమ్మ వచ్చినప్పుడు చెప్పాను. ఆమె తెచ్చిన మురుకులు నా ఒళ్లో పెట్టి, "పోయిన పిల్ల ఒక్కసారన్న కనపడ్డదా?" అంది.

"లే."

"అయితే నువ్వే పోయి చూడు. ఆమెను అడిగితే ఏముంటది, ఆమె చెప్పేదే చెప్తది."

ఆ గురువారం నేను ఒంటి నిండా కొంగు కప్పుకుని అదే బస్సు వెనక తలుపున ఎక్కాను. కూలీలతో బస్సు కిక్కిరిసి ఉంది. కొత్తగూడెంలో దిగి ఆమె భద్రాచలం బస్సెక్కింది. నేనూ ఎక్కాను. గోదావరి వారధి దాకా పోలేదు. దానికి ఇవతల, బూర్గంపాడు వైపు తిరిగే దారిలో సంత జరుగుతున్న ఒక ఊళ్లో దిగింది. అడవిలోంచి చింతపండు, ఇప్పపువ్వు, వెదురు బుట్టలు తెచ్చినవాళ్లతో, ఉప్పు, ఎండుచేపలు కొనేవాళ్లతో సంత నిండుగా ఉంది. సగం మాటలు నాకు తెలియని భాషలో ఉన్నాయి. అక్క నేరుగా ఎండుచేపల వరసకు పోయి, అమ్మే ముసలామె పక్కన గోనెపట్టా మీద కూర్చుంది. రోజూ కూర్చునే చోటులాగే కూర్చుంది.

నేను బుట్టల చాటున నిలబడ్డాను.

కాసేపటికి నా నేస్తం వచ్చింది. బక్కచిక్కి ఉంది. ముందు ఒక మగమనిషి నడుస్తున్నాడు, అడవిలో వెదురు నరికే కూపుల్లో పనిచేసేవాళ్లలా తలకు తువ్వాలు చుట్టుకుని. అక్క లేచి అతనితో నవ్వుతూ మాట్లాడింది. సంచిలోంచి ఒక పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. అతను వాసన చూసి, తల ఊపి, చెట్టు కిందికి పోయాడు.

అనుకున్నదే జరుగుతోందనుకున్నాను. ఇంత దూరం నుంచి వచ్చి, ఆ మగమనిషి చేతిలో పొట్లం పెట్టి, నవ్వి మాట్లాడుతోందంటే ఇంకేముంది? నేను ఒక్క ఉరుకున పోయి నా నేస్తం రెక్క పట్టుకున్నాను.

"నడువు. పోదాం."

ఆమె మొహం తెల్లబోయింది. "నిన్నెవరు రమ్మన్నరు? చెయ్యి ఇడువు," అంది గుసగుసగా. "ఆయన చూస్తే వచ్చే వారం నన్ను సంతకు రానియ్యడు."

అప్పటికే అతను లేచి వస్తున్నాడు. "ఎవరీమె?" అన్నాడు.

"మా చెల్లెలి కూతురు," అంది అక్క, తడుముకోకుండా. "సంత చూస్తానంటే తెచ్చాను. దీనికి అందరినీ పట్టుకుని లాగే అలవాటు."

అతను నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నేను అతన్ని చూశాను. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ నమ్మలేదు. అతను నా నేస్తాన్ని తీసుకుని పోయాడు. ఆమె ఎండుచేపలు కూడా కొనలేదు.

తిరుగు బస్సులో అక్క నా పక్కనే కూర్చుంది. తిట్టు కోసం ఎదురుచూశాను.

"దాన్ని అమ్మేశాననుకున్నావా?" అంది.

"అవ్."

పాల్వంచ పొగగొట్టాలు దాటాక అక్క సంగతి చెప్పింది. ఆ అమ్మాయి తనంతట తానే ఆ మనిషితో వెళ్లింది. వద్దంటారని, నవ్వుతారని మాకెవరికీ చెప్పొద్దంది. వెళ్లాక అతను మంచివాడు కాదని తెలిసింది. ఇంటి దగ్గరికి ఎవరినీ రానివ్వడు. సంతకు మాత్రం తెస్తాడు. "వాడికి పొగాకు ఇస్తే కాసేపు చెట్టు కింద కూర్చుంటాడు. ఆ కాసేపే నాకు కావాలి."

"తీసుకొచ్చెయ్యొచ్చు గద."

"రానంటోంది. రోజులు బాగుపడతాయని ఆశ. నేను రమ్మని పోరితే, సంతలో నన్ను చూసి ఇంకో వరసలోకి తిరిగిపోతుంది. గురువారం నేనక్కడ ఉంటానని తెలిస్తే చాలు." సంచి మడిచి ఒళ్లో పెట్టుకుని, "నువ్వు అడిగిన రోజు నేను ఇంకోలా చెప్పాల్సింది. చెప్పకపోతే తనకు మేలనుకున్నాను. మీ కంటికి అదెలా కనపడుతుందో నాకు తోచలేదు," అంది.

పెద్దవాళ్లు నాతో ఇట్లా మాట్లాడటం అప్పటిదాకా నేను వినలేదు. అయినా ఆమె చెప్పింది నిజమో కాదో తేల్చుకోవాలనే ఉంది. "వచ్చే గురువారం నేను గూడ వస్త," అన్నాను. సరేనంది.

ఆ వారం నా నేస్తం రాలేదు. మరుసటి వారమూ రాలేదు. ఎండుచేపల ముసలామె మా ఇద్దరికీ చోటిచ్చి, ఏమీ అడక్కుండా తన పని తాను చేసుకునేది. ఆ తర్వాతి గురువారం నా నేస్తం వచ్చింది. నన్ను చూసి మొదట మొహం తిప్పుకుంది. తర్వాత వచ్చి, చేపలు ఏరుతున్నట్టు వంగి, "పాలు ఇంక వాసన చూస్తున్నవా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. "చూస్తున్న," అన్నాను.

ఆ తర్వాత గోదాములో ఒక పద్ధతి వచ్చింది. ఎవరైనా వెళ్లిపోతే, ఎక్కడికి పోతున్నదీ అక్కకు కాకుండా మాలో ఒకరికి, తనకు నచ్చినవాళ్లకు, చెప్పి పోవాలి. ఆ ఒక్కరూ అక్కతో పాటు పోయి చూసి రావచ్చు. అక్క మా అందరినీ కూర్చోబెట్టి అడిగి ఈ మాట ఖాయం చేసింది. మిగతావాళ్లు ఒప్పుకున్నారు. చెప్పి పోయిన పిల్లను బెదిరించి ఎవరైనా మాట మార్పిస్తే ఏం చేస్తారని నేను అడిగాను. "అది నాకూ తెలియదు," అంది అక్క.

ఒకసారి హైదరాబాదు సంస్థ నుంచి జీపులో మనుషులు వచ్చారు. ముందు రోజు అక్క మాతో, "వాళ్లు మిమ్మల్ని బొమ్మల్లా చూస్తారు. ఇష్టం లేనివాళ్లు వాగుకు బట్టలు తీసుకుపోండి," అంది. సగం మంది పోయారు. నేను పోలేదు. వీళ్లు అక్కతో ఏం మాట్లాడుకుంటారో వినాలి కదా. వచ్చినవాళ్లు తుమ్ములు ఆపుకోలేక అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. నేను కిటికీ పక్కన పుస్తకం తెరిచి కూర్చున్నాను.

"ఆ వెళ్లిపోయిన అమ్మాయి చాప ఇంకా ఉంచారేమిటి? ఆ చోటు ఇంకొకరికి ఇవ్వొచ్చు కదా," అన్నాడు ఒకాయన.

"ఇంకొకరు వస్తే ఇంకో చాప వేస్తాం. తన చోటు ఉందని నేను సంతలో చెప్పాను. వచ్చి చూస్తే లేకపోతే, ఇక నా మాట నమ్మదు."

"ఆమె తిరిగి రాకపోతే?"

"రాకపోవచ్చు."

ఆ జవాబు ఆయనకు నచ్చలేదని గొంతులోనే తెలిసింది. తర్వాత వాళ్లలో ఒకావిడ నా దగ్గరికి వచ్చి, ఇక్కడ నీకు తృప్తిగా ఉందా అని అడిగింది.

"మీరెందుకు అడుగుతున్నరు?" అన్నాను.

ఆవిడ అక్క వైపు చూసింది. అక్క నా వైపు చూసింది గానీ నా తరఫున ఏమీ చెప్పలేదు. అందుకని నేనే చెప్పాల్సి వచ్చింది. "తలుపు గడియ మా దిక్కే ఉంది. అది బాగుంది. వంకాయ కూర బాగుండదు," అన్నాను.

నా నేస్తం మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం గోదాముకు వచ్చింది, చంకలో పాపతో. ఎవరూ ఎగబడలేదు. అక్క మజ్జిగ కలిపి ఇచ్చింది. నేను చాప పరిచాను. వానలు పడ్డాక అతను వచ్చి బతిమాలితే మళ్లీ పోయింది. పోతూ నాకు ఊరి పేరు చెప్పి పోయింది. చలికాలంలో పాపకు జ్వరమొస్తే దవాఖానాకు తీసుకుపోనియ్యలేదని మళ్లీ వచ్చేసింది. ఈసారి వెళ్లలేదు. తర్వాత భద్రాచలం దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో ఆయాగా కుదిరింది. ఆమె కూతురు అక్కడే చదువుకుంది.

ఆమె భద్రాచలం పోకముందు ఒకరోజు నేనడిగాను, ఎందుకు తిరిగొచ్చినవని. "పోయినప్పుడు తిట్టలే. వచ్చినప్పుడు అడగలే," అంది. ఆమె తెలుగు తక్కువే.

తొంభైలలో ఖమ్మంలో ఇలాంటిదే ఇంకో చోట నాకు పని దొరికింది. అప్పటికి ఏన్కూరు గోదాము మూతపడింది. సాయం ఆగిపోయింది, అక్కకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఖమ్మంలో మంచాలున్నాయి, ఫ్యాన్లున్నాయి, పని మీద వచ్చి చూసిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లలు తృప్తిగా ఉన్నారా, పథకం పనిచేస్తోందా అని వాళ్లు నన్ను అడిగేవారు. కొత్త పిల్ల నా చేతిలో గ్లాసు తీసుకోకుండా దూరంగా నిలబడితే వాళ్లకు బాధగా ఉండేది. నాకు ఊరటగా ఉండేది. ఆ పిల్ల నన్ను చూస్తోంది, కొలుస్తోంది, అడగాల్సింది ఏదో పోగేసుకుంటోంది. వచ్చిన రోజే నా కొంగు పట్టుకుని అమ్మా అని పిలిచే పిల్ల గురించే నాకు భయం. వాళ్లు ఎవరు పిలిచినా పోతారు. అడిగిన పిల్ల మాటకు మేం ఏదైనా మార్చినప్పుడల్లా, అది తలుపు కావచ్చు, కూర కావచ్చు, పిల్లలు కాస్త నిలబడేవారు. మార్చలేకపోయినప్పుడు ఎందుకో చెప్పేవాళ్లం. చెప్పినా కొందరు పోయారు. వాళ్ల కోసం బస్సులెక్కి తిరిగాను. కొందరు దొరకలేదు.

అక్కను నేను అడగాల్సిన మాట ఒకటి చాలా ఏళ్లు అడగలేదు. ఒకసారి ఏన్కూరు పోయి, వాళ్ల అన్నయ్య ఇంటి వరండాలో ఆమె పక్కన కూర్చున్నప్పుడు అడిగాను.

"నువ్వు అదంతా ఎందుకు చేసినవక్కా?"

"గోదాము ఖాళీగా ఉండేది. అన్నయ్య వాడుకోమన్నాడు."

"గంతేనా?"

"అంతే."

ఆమె మొహంలోకి చూశాను. ఏమీ దొరకలేదు. సంతలో గోనెపట్టా మీద అన్ని గురువారాలు కూర్చున్న మనిషి, ఖాళీ గోదాము ఉందని మాత్రమే ఆ పని చేసిందంటే నేనెట్లా నమ్ముతాను?

"నేను నమ్మ," అన్నాను.

"నమ్మొద్దు," అని, మోకాలు పట్టుకుని లేచి, నాకు అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.